జ్వరం కడుపులో, చీము కంట్లో

ఒడిశా రాయగడలో మా మందుల కొట్టు గోడకి పెద్ద అంకెల తెలుగు క్యాలెండరు ఒకటి వేలాడుతుంటుంది. కన్ను ఎర్రబడింది, చుక్కల మందు ఇమ్మని ఎవరొచ్చినా ముందు ఒక కన్ను అరచేత్తో మూయించి ఆ అంకెలు చదవమంటాను. తర్వాత ఆ కన్ను తెరిచి రెండోది మూయమంటాను. అంకెలు రానివాళ్ళకి నా వేళ్ళు చూపించి ఎన్నని అడుగుతాను. అదయ్యాక రెండు ప్రశ్నలు. ఈ వారం పది రోజుల్లో చలిజ్వరం ఏమైనా వచ్చిందా? షుగరు ఉందా?

కొందరికి విసుగొస్తుంది. సంతరోజున ఆటో కదిలిపోతుంటే ఈ పరీక్షలేమిటని గొణుగుతారు. అయినా నేను అడగడం మానను. ఎర్రబడిన కళ్ళలో చాలావాటికి కలకో, దుమ్మో, రెప్ప వాపో కారణం. ఎప్పుడో ఒకరికి మాత్రం ఆ జబ్బు కంట్లో పుట్టింది కాదు. కాలేయంలోనో, మూత్రపిండంలోనో, కాలి పుండులోనో, గుండె కవాటం మీదో పెరుగుతున్న బాక్టీరియా నెత్తుట్లో పడి, కంటి లోపలికి చేరి, అక్కడ చీము పట్టిస్తుంది. కంటి లోపల చీము పట్టే జబ్బుని డాక్టర్లు ఎండోఫ్తాల్మైటిస్ అంటారు. శుక్లం ఆపరేషన్ తర్వాతో, ముల్లు గుచ్చుకునో బయటి నుంచి వచ్చేదే ఎక్కువ. ఒంట్లోంచి నెత్తుటి దారిన వచ్చేది అందులో నూటికి 2 నుంచి 8 వరకే ఉంటుంది. ఇంత అరుదు కాబట్టే ఎవరికీ ముందుగా తట్టదు. తట్టేసరికి చూపు పోతుంది.

2023 వర్షాకాలం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ జులైలో దేశమంతటా కళ్ళకలక చెలరేగింది. బడి పిల్లలు, టీచర్లు, బస్సు కండక్టర్లు, అందరివీ ఎర్రటి కళ్ళే. అది వైరస్ వల్ల వచ్చే కలక. కంట్లో ఇసుక పడ్డట్టు గరగర, నీరు కారడం, పొద్దున్న లేచేసరికి రెప్పలు అంటుకుపోవడం, ఒక కంటికి వచ్చి రెండో కంటికి పాకడం. పుసి తుడుచుకుంటే చూపు మాత్రం మామూలుగానే ఉంటుంది. క్యాలెండరు అంకెలు చదివించడం నేను అప్పుడే అలవాటు చేసుకున్నాను. కలకలో కన్ను ఎర్రబడుతుంది కానీ అంకెలు ఆనుతాయి. లోపల చీము పడితే తుడిచినా, కడిగినా అంకెలు ఆనవు. కన్ను లోపలి నుంచి సలుపుతుంది, వెలుతురు చూడలేరు, కళ్ళముందు నల్లటి నలకలు తేలుతున్నాయంటారు, రెప్ప ఉబ్బుతుంది. కొందరికి నల్లగుడ్డు అడుగున తెల్లటి గీత కనిపిస్తుంది. అది లోపల పేరుకున్న చీము. అది కనిపించాక కౌంటరు దగ్గర మాటలు ఆపి, బండి మాట్లాడాలి.

చలిజ్వరం, షుగరు అన్న ఆ రెండు ప్రశ్నలూ నా చేత అడిగించింది మా బావగారి జబ్బు.

మా అక్కావాళ్ళది గుణుపురం. బావ చింతపండు, పసుపు టోకు వ్యాపారం చేస్తారు. షుగరు ఏళ్ళ తరబడి ఉంది. మాత్రలు వేసుకునే రోజులూ ఉన్నాయి, మరిచిపోయే రోజులూ ఉన్నాయి. ఒక భాద్రపదంలో ఆయనకి ఒళ్ళు వణికించే జ్వరం పట్టుకుంది. కుడి డొక్కలో నొప్పి, అన్నం సహించదు. ఈ వైపు జ్వరమంటే ముందు మలేరియా గుర్తొస్తుంది. రక్తం పరీక్ష చేస్తే మలేరియా లేదన్నారు. దగ్గరలో ఒకాయన వచ్చి సెలైను ఎక్కించి, ఇంజెక్షన్లు చేసి వెళ్ళేవాడు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ లేచేది. నాలుగైదు రోజులయ్యాక అక్క ఫోను చేసింది. “ఒరే, మీ బావకి కుడి కన్ను ఎర్రగా ఉందిరా. కలక మందు ఏదైనా పంపిస్తావేటి?” అంది. ఫోను ఆయనకిమ్మన్నాను. “ఏటి బావా, రెండో కన్ను మూసి చూడండి, అక్క ముఖం కనబడుతుందా?” అని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. “పొగమంచులా ఉందిరా. ముక్కూ కళ్ళూ తెలీట్లేదు” అన్నారు.

జ్వరంలో కళ్ళు మూసుకు పడుకున్న మనిషికి ఒక కన్ను పోతున్న సంగతి తెలియదు. రెండో కన్ను పనిచేస్తూ ఉంటుంది, తల బద్దలవుతూ ఉంటుంది, ఒళ్ళు కాలిపోతూ ఉంటుంది. కన్ను నొప్పి ఆ నొప్పుల్లో కలిసిపోతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు అడగాలి. ఆసుపత్రిలో అయినా అంతే. జ్వరం, బీపీ, నాడి రాసే చీటీలో చూపు రాసే గడి ఉండదు. నాకు అధికారం ఉంటే, షుగరుండి చలిజ్వరంతో చేరిన ప్రతి మనిషికీ రోజుకొకసారి ఒక్కో కన్ను మూసి చూపించే అలవాటు ప్రతి వార్డులోనూ పెట్టిస్తాను. దానికి పైసా ఖర్చు లేదు.

ఆ రాత్రే బావని కారులో పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా విశాఖపట్నం తీసుకెళ్ళాం. కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి చూసింది. లోపల ఏమీ కనబడనంత మసక. కంటికి స్కానింగు తీశారు. తర్వాత ఆవిడ కడుపుకి స్కానింగు రాసింది. కంటికోసం వస్తే కడుపుకి పరీక్షేమిటని అక్క కంగారుపడింది. ఆ స్కానింగులో కాలేయంలో పెద్ద చీముగడ్డ కనబడింది. రక్తంలోనూ, గడ్డ నుంచి తీసిన చీములోనూ పెరిగిన బాక్టీరియా ఒకటే, క్లెబ్సియెల్లా న్యుమోనియే. అది ఎప్పుడూ ఎక్కడో దూరాన ఉండేది కాదు. ఎంతోమంది పేగుల్లో ఊరికే ఉంటుంది. షుగరు అదుపు తప్పిన ఒంట్లో తెల్లకణాలు మందగించినప్పుడు పేగు దాటి కాలేయం చేరుతుంది, అక్కడి నుంచి రక్తంలోకి దూకుతుంది.

ఈ జత, కాలేయంలో గడ్డ కంట్లో చీము, మొదట గట్టిగా పట్టుకున్నది తైవాన్ డాక్టర్లు. 1986లో అక్కడివాళ్ళు ఇలాంటి ఏడుగురి సంగతి ఒకేచోట రాశారు. తర్వాత కొరియా, సింగపూర్, మన దేశం, అన్నిచోట్లా కనబడుతూ వచ్చింది. ఈ క్లెబ్సియెల్లాలో కొన్ని రకాలకి ఒంటి చుట్టూ మందపాటి జిగురు పొర ఉంటుంది. లాబ్‌లో పళ్ళెం మీద పెరిగిన మచ్చని తీగతో పైకి లాగితే 5 మిల్లీమీటర్లు దాటి తీగ సాగుతుంది. ఆ జిగురు ఉన్నందువల్లే తెల్లకణాలు దాన్ని మింగలేవు.

కన్ను దాకా అది ఎలా వెళ్తుందన్నది చదివినకొద్దీ నాకు ఆశ్చర్యమేసింది. కంటికి వెనక, చూపుకి ఆధారమైన రెటీనా పొరని అంటుకుని రక్తనాళాలతో నిండిన పొర ఒకటుంటుంది, కోరాయిడ్ అని. దాని బరువుతో పోల్చి చూస్తే ఒంట్లో ఇంత ధారాళంగా రక్తం పారే చోట్లు చాలా తక్కువ. రక్తంలో బాక్టీరియా ఉంటే అక్కడికి చేరడం సులువు. చేరి, రెటీనా దాటి, కంటి నడిమి జెల్లీలోకి వస్తే ఇక దానికి అడ్డు లేదు. గుడ్డులో తెల్లసొనలా ఉండే ఆ జెల్లీ 4 మిల్లీలీటర్లకి మించదు. అందులో రక్తనాళాలు లేవు కాబట్టి మనల్ని కాపాడే కణాలు అక్కడికి ఆలస్యంగా వస్తాయి. బాక్టీరియా విడిచే విషమూ, వాటితో పోరాడే కణాలు విడిచే రసాయనాలూ కలిసి రెటీనాని ఒకటి రెండు రోజుల్లోనే పాడుచేయగలవు. రెటీనా పోతే మళ్ళీ పెరగదు.

మందులవాడిగా నాకు ఇంకా బాధ కలిగించే సంగతి ఒకటుంది. చేతి నరానికెక్కించే యాంటీబయాటిక్ ఆ జెల్లీలోకి సరిగా వెళ్ళదు. రక్తానికీ రెటీనాకీ మధ్య కంటి రక్షణ కోసమే ఉన్న గోడ మందునీ ఆపేస్తుంది. పైన వేసే చుక్కలు అంత లోతుకి దిగవు. అందుకని డాక్టర్లు సన్నటి సూదితో నేరుగా కంటి లోపలికే మందు వేస్తారు. మా కొట్టులో సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్ 1 గ్రాము సీసాలో వస్తుంది. కంట్లోకి వేసేది 2.25 మిల్లీగ్రాములు, అంటే ఆ సీసాలో 400 వంతుల్లో ఒక వంతు కూడా కాదు. వాంకోమైసిన్ అయితే 1 మిల్లీగ్రాము. రెండూ ఒక్కొక్కటి 0.1 మిల్లీలీటరు నీళ్ళలోనే ఉండాలి. ఎక్కువైతే రెటీనాకే దెబ్బ. ఈ కొలతలు కుదరడానికి కంటి డాక్టర్లు ఏళ్ళు పనిచేశారు. చీము మరీ ఎక్కువగా ఉంటే ఆ జెల్లీని కోసి తీసేసే ఆపరేషన్, విట్రెక్టమీ, చేస్తారు. 1970ల మొదట్లో అమెరికాలో మయామీలో రాబర్ట్ మాకెమర్ అనే డాక్టరు ఈ ఆపరేషన్‌కి దారి వేశాడు. కన్నుకి చేసే ఈ వైద్యంతోపాటే ఒంటికీ వైద్యం సాగాలి. గడ్డలో చీము తీయాలి, నరానికి మందు వారాల తరబడి ఎక్కాలి, షుగరు ఇన్సులిన్‌తో అదుపులోకి రావాలి.

బావ కాలేయం బాగుపడింది. ఎడమ కన్ను నిక్షేపంగా ఉంది. కుడి కన్ను వెలుతురునీ, ముందు చెయ్యి ఊపితే ఆ ఊపునీ గుర్తుపడుతుంది, అంతే. క్లెబ్సియెల్లా పట్టిన కళ్ళలో మంచి ఆసుపత్రుల్లో కూడా చాలావాటికి చూపు దక్కదు. కంటి కన్నా ముందు ప్రాణమే పోయేవాళ్ళూ ఉన్నారు, రక్తంలోకి బాక్టీరియా చేరడమంటే అది.

ఒక్క షుగరువాళ్ళకే ఇది వస్తుందనుకోకూడదు. మూత్రంలో మంట, నడుము నొప్పితో చలిజ్వరం వచ్చేవాళ్ళు, కాలి పుండు మానక చీము కారేవాళ్ళు, గుండె కవాటం పాడైనవాళ్ళు, డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు, కేన్సరు మందులు వాడేవాళ్ళు, చాలాకాలంగా స్టెరాయిడ్లు మింగేవాళ్ళు, నెలలు నిండకుండా పుట్టి ఇన్‌ఫెక్షన్ పట్టిన పసిగుడ్లు, వీళ్ళందరికీ భయమే. పూర్వం పురిటి జ్వరం పట్టిన తల్లులు ఇలాగే కళ్ళు పోగొట్టుకునేవారు. యూరప్‌లో 19వ శతాబ్దపు డాక్టర్లు దాన్ని చాలా రాశారు. మరొకటి చెప్పాలి. నీరసమని సెలైను ఎక్కించుకునే అలవాటు మన పల్లెల్లో ఎక్కువ. సూదిగాని, సీసాగాని శుభ్రంగా లేకపోతే బాక్టీరియాయో, ఫంగసో సూటిగా నరంలోకే వెళ్తుంది. ఏ జబ్బూ లేనివాళ్ళకి కూడా సెలైను ఎక్కించుకున్న కొద్ది రోజులకి కంట్లో ఫంగస్ పట్టిన సంగతులు మన దేశపు కంటి డాక్టర్లు రాసి ఉన్నారు. తినగలిగి, తాగగలిగిన మనిషికి బలానికని సెలైను అక్కర్లేదు. ఈ మాట అంటే మా వ్యాపారానికి నష్టమే, అయినా అంటాను.

చుక్కల మందుల సంగతి కూడా. యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిపిన చుక్కలు కన్ను ఎరుపుని ఒక రోజులో తగ్గిస్తాయి. జనానికి అది నచ్చుతుంది, పాత చీటీ పట్టుకుని అవే ఇమ్మంటారు. లోపల చీము ఉన్న కంట్లో అవి వేస్తే పైన ఎరుపు తగ్గుతుంది, లోపల జబ్బు పెరుగుతుంది, రోగి నిశ్చింతగా ఇంకో రెండు రోజులు ఇంట్లో ఉండిపోతాడు. ఆ రెండు రోజులే చూపు. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అని కొన్ని యాంటీబయాటిక్‌లూ, టీబీ మందులూ ఎవరికి అమ్మామో, ఏ డాక్టరు రాశాడో పుస్తకంలో రాసి 3 ఏళ్ళు దాచాలని నియమం వచ్చింది. అది అధికారుల కోసం పెట్టిన పుస్తకమని మా తోటి వర్తకులు విసుక్కుంటే నేను ఒప్పుకోను. అడిగి రాసే ఆ ఒక్క నిమిషంలోనే జ్వరం సంగతి బయటపడుతుంది.

ఇంతవరకూ చెప్పింది గంటల్లో ముంచే జబ్బు. నెమ్మదిగా వచ్చేవీ ఉన్నాయి, మా కొరాపుట్, రాయగడ కొండల్లో వాటి గురించి ఎక్కువ ఆలోచించాలి. మొదటిది టీబీ. ఊపిరితిత్తుల్లోంచి ఈ బాక్టీరియా కూడా రక్తంలో పడి కోరాయిడ్‌లో పసుపు తెలుపు కణుతులు కడుతుంది. హెల్మ్‌హోల్ట్జ్ 1851లో కంటి లోపల చూసే పరికరం తయారుచేస్తే, 1855లోనే ఎడ్వర్డ్ ఫాన్ యేగర్ అనే వియన్నా డాక్టరు ఆ పరికరంతో ఈ కణుతులను చూశాడు. కోఖ్ టీబీ బాక్టీరియాని కనుక్కున్నది 1882లో. అంటే బాక్టీరియా కన్నా ముందే అది కంట్లో చేసిన గాయాన్ని చూశారన్నమాట. స్పృహ తప్పిన పసివాడికి మెదడు జ్వరం టీబీదో కాదో తేలక డాక్టర్లు తికమకపడేటప్పుడు, కంటిలో ఈ కణుతి కనబడితే రోగం తేలిపోయేది. ఇప్పటికీ కంటిపాప పెద్దది చేసి చూడటం ఆ పిల్లలకి మేలు చేసే పరీక్షే.

టీబీలో కన్ను అంతగా ఎర్రబడదు, నొప్పీ తక్కువ. చూపు నెలల మీద తగ్గుతూ పోతుంది. కుర్రవాళ్ళలో రెటీనా నాళాలు వాచి కంట్లో రక్తం కారే ఈల్స్ జబ్బు మన దేశంలో బాగా కనబడుతుంది, టీబీతో దానికి సంబంధం ఉందని చాలామంది డాక్టర్లు నమ్ముతారు. బర్మింగ్‌హామ్‌లో హెన్రీ ఈల్స్ 1880లో వర్ణించాడు కాబట్టి ఆ పేరు. టీబీ మందుల్లో ఇథాంబుటాల్ అనేది కొందరిలో కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. ఎరుపు, పచ్చ రంగులు వెలిసినట్టు కనబడటం దానికి తొలి గుర్తు. మా దగ్గర టీబీ మందు తీసుకునేవాళ్ళని ఎర్ర స్ట్రిప్పు, ఆకుపచ్చ స్ట్రిప్పు చూపించి రంగు చెప్పమంటాను. తేడా చెబితే మందు మానేయమని అనను, అదే రోజు డాక్టరు దగ్గరికి పంపిస్తాను. టీబీ మందు సొంతంగా మానేయడం ఇంకా పెద్ద ప్రమాదం.

కుష్ఠు ఒడిశాని ఇంకా వదల్లేదు. దాని బాక్టీరియా కంటి రంగుపొరలోనే కాపురం పెట్టగలదు. అంతకన్నా ఎక్కువ నష్టం నరాల వల్ల. ముఖం నరం చచ్చుబడి రెప్ప మూతపడదు, నల్లగుడ్డుకి స్పర్శ తెలియదు, ఎండి పుండు పడినా మనిషికి నొప్పే ఉండదు. నొప్పి లేని కన్ను కోసం ఎవరు కొండ దిగుతారు? మొద్దుబారిన మచ్చ ఉన్నవాళ్ళు ఎవరైనా రెప్ప సగం తెరుచుకునే నిద్రపోతున్నారని ఇంట్లోవాళ్ళు గమనిస్తే, అది చెప్పడమే వాళ్ళకి పెద్ద సాయం. లెప్టోస్పైరోసిస్ అనే మడి జ్వరం, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ ద్వారా వచ్చేది, తగ్గిపోయిన వారాలకో నెలలకో కన్ను లోపల వాపుగా తిరిగొస్తుంది. 1993 చివరలో మధురై చుట్టుపట్ల వరదల తర్వాత అలా పదులమందికి కళ్ళు వాచాయి. వరినాట్లలో మోకాటిలోతు దిగే మనవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

మరి మావైపు మనిషి ఎక్కడికి వెళ్ళాలి? ఇది ఏ రోజుకారోజు ఆలోచించుకునే ప్రశ్న కాదు, ముందే తెలిసి ఉండాలి. కొరాపుట్‌లో 2017 నుంచి షహీద్ లక్ష్మణ్ నాయక్ పేరున ప్రభుత్వ మెడికల్ కాలేజీ, ఆసుపత్రి ఉంది. బిస్సంకటక్‌లో డెన్మార్క్ డాక్టరమ్మ లిస్ మాడ్సెన్ 1954లో మొదలుపెట్టిన క్రిస్టియన్ హాస్పిటల్ నియమగిరి చుట్టుపక్కల కోదు గిరిజనుల ఊళ్ళకి పెద్ద దిక్కు. రాయగడలో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వారి కేంద్రం ఉంది. చుక్కలు వేసి చూసి ఇది కలకా, లోపలి చీమా అని తేల్చడానికి వాళ్ళు చాలు. జెల్లీ తీసే ఆపరేషన్ కావాలంటే మాత్రం భువనేశ్వరమో విశాఖపట్నమో పోవాలి. రెండుచోట్లా ఆ సంస్థవారి పెద్ద ఆసుపత్రులున్నాయి. విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఉండనే ఉన్నాయి. 1936 ఏప్రిల్‌లో ఒడిశా ఏర్పడేదాకా ఈ కొరాపుట్ సీమంతా విశాఖ ఏజెన్సీలో భాగం. గట్టి జబ్బు చేస్తే పట్నం పోవడమంటే మా ఇళ్ళలో ఇప్పటికీ విశాఖే. రాయగడ నుంచి రైలు దారి సుమారు 200 కిలోమీటర్లు. కానీ చీము పట్టిన కంటికి రేపటి రైలు కోసం ఆగడం సరికాదు, కారుకి డబ్బు లేకపోతే 108కి ఫోను చెయ్యాలి.

ఒక చిక్కుంది, అది నేను కళ్ళారా చూశాను. కంటి ఆసుపత్రిలో రెటీనా డాక్టరుంటారు, ఐసీయూ ఉండదు. పెద్దాసుపత్రిలో ఐసీయూ ఉంటుంది, రాత్రిపూట రెటీనా డాక్టరు ఉండకపోవచ్చు. రోగి రెండింటి మధ్యా నలుగుతాడు. జ్వరం తీవ్రంగా ఉండి, ఆయాసం, మత్తు ఉంటే ముందు పెద్దాసుపత్రికే పోవాలి, అక్కడ చేరిన వెంటనే కంటి డాక్టరుని పిలిపించమని గట్టిగా అడగాలి. మనిషి నిలకడగా ఉంటే ముందు కంటి ఆసుపత్రికి వెళ్ళి, జ్వరం సంగతి మొదటి మాటగా చెప్పాలి.

వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళవలసినవి: షుగరు, మూత్రం, రక్తం రిపోర్టులు, ఇప్పటిదాకా వేసిన ఇంజెక్షన్ల ఖాళీ సీసాలు, మాత్రల స్ట్రిప్పులు, చుక్కల మందు సీసా. ఏ పూట ఏ మందు పడిందో చీటీ మీద రాసి ఉంచండి. కొత్త యాంటీబయాటిక్ ఎక్కించేముందే రక్తం కల్చర్‌కి తీయమని అడగండి. మందు పడ్డాక తీస్తే బాక్టీరియా దొరక్కపోవచ్చు. ఎక్కడ పుట్టిందో వెతకడానికి కడుపు స్కానింగు, మూత్రం కల్చర్, గుండె ఎకో రాస్తే వద్దనకండి. రెండో కంటికి ఏమీ లేదని రోగి అన్నాసరే దానికీ చుక్కలు వేయించి చూడమని చెప్పండి, ఈ జబ్బు కొందరికి రెండు కళ్ళకీ వస్తుంది.